మేము కుట్టిన దొరసాని గౌను

మా అమ్మాయి చదువు కళాశాలలో ఒక ఆంగ్లనాటకము ప్రదర్శింపదలచిరి. కథ 1863వ సంవత్సరమున లండనులో జరిగినట్టిది. మా పిల్లకు దొరసాని వేషము లభించెను. అద్దె దుస్తుల అంగడివారు చూపిన గౌను తళుకుబిళ్లలతో నిండి, ఏ కాలమునకును చెందక యుండెను. "అమ్మా, నీవే కుట్టిపెట్టుము" అని పిల్ల బ్రతిమాలగా, ఎన్ని రవికెలు, ఎన్ని లంగాలు కుట్టలేదు, ఇదియెంత పని యని యొప్పుకొంటిమి. తెలియనివారికి ధైర్య మెక్కువ గదా!

చీర మగ్గమునుండి దిగునప్పుడే పూర్తియైన వస్త్రము. గౌను అట్టిది కాదు. బట్టను ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్క మనిషి దేహమునకే సరిపడునట్లు మరల కూర్పవలెను. జానెట్ ఆర్నాల్డ్ అను ఆంగ్లవనిత పాతకాలపు దుస్తులను స్వయముగా కొలిచి, వాని కత్తిరింపు పటములను 1964, 1966 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించినది. అందు రెండవదియే మాకు గురువు. ఆ రవికెలలో భుజపుకుట్టు వీపువైపునకు జారియుండును; చేతిగుంట భుజము దిగి దండమీదికి వచ్చును. కావున తొడిగినవారు చేయి పూర్తిగా పైకెత్తజాలరు. అటకమీది డబ్బా దించుకొనవలసిన ఇల్లాలికి ఈ రవికె పనికిరాదని అప్పుడే గ్రహించితిమి.

బట్ట ఊదారంగు నూలుది. 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల బాలుడు తారునుండి వచ్చు పదార్థముతో ఈ రంగును కనుగొనిన పిమ్మట లండను స్త్రీలు దానికై వెఱ్ఱియెత్తిరట. లంగా చుట్టుకొలత నాలుగున్నర గజములు. మా పిల్ల నడుము 26 అంగుళములు. అంత బట్టను ఇంతలో ఇముడ్చుటకు వారొక ఉపాయము పన్నిరి. పైయంచు మడిచి, ఒకదానిక్రింద నొకటిగా రెండు వరుసలు సమానమైన కుట్లు వేసి, దారములు లాగినచో బట్ట విసనకఱ్ఱవలె సన్నని మడతలుగా ముడుచుకొనును. ప్రతి మడత కొనను పట్టీకి వేఱువేఱుగా కుట్టవలెను. మాకు 160కి పైగా మడతలు వచ్చెను. ఈ పని యంత్రమునకు సాధ్యము కాదు.

లంగాను గోపురమువలె నిలుపుటకు ఆ కాలమువారు ఉక్కుకమ్ముల పంజరము ధరించెడివారు. మేము ప్లాస్టిక్ నీళ్లగొట్టముతో చుట్టలు చేసి సరిపెట్టితిమి. పిల్ల దానిని తొడిగి వంటయింటిలోనికి రాబోయి ద్వారమున చిక్కుకొనెను!

నాటకము రెండు దినములున్నదనగా క్రిందియంచు పని మిగిలెను. పొరుగింట కుట్టుపనితో జీవించు పిల్ల యొకతె కలదు. మమ్ము అత్తయ్యగారని పిలుచును. ఆమెను సాయమునకు పిలిచితిమి. కూలిమాట మే మెత్తలేదు, ఆమె యడుగలేదు. రాత్రి రెండుగంటలు దాటెను. కన్నులు మండుచున్నవని మేము సూది ప్రక్కనబెట్టి, 1863 నాటి దుస్తులను గూర్చిన పుస్తకమొకటి తీసి త్రిప్పుచుంటిమి.

అందొక సంగతి యుండెను. ఆ సంవత్సరము జూనులో మేరీ ఆన్ వాక్లీ అను ఇరువదియేండ్ల కుట్టుపనిపిల్ల లండనులో మరణించినది. యువరాణి గౌరవార్థము జరుగు నృత్యోత్సవమునకు గొప్పయింటి స్త్రీల గౌనులు సిద్ధము కావలెను. అందుకై ఆమె మఱి అఱువదిమంది పిల్లలతో గూడి, గదికి ముప్పదిమంది చొప్పున కూర్చుండి, ఇరువదియాఱున్నర గంటలు విరామములేక కుట్టినది. శుక్రవారము జబ్బుపడి ఆదివారము కన్నుమూసినది.

తలయెత్తి చూచితిమి. పొరుగింటి పిల్ల ఊదాబట్టపై తలవాల్చి నిద్రించుచుండెను. సూది యింకను వ్రేళ్లమధ్యనే యున్నది.

తట్టి లేపగా ఉలికిపడి, "ఇంకొక గజమే యున్నదండీ అత్తయ్యగారూ" అనెను. సూది తీసికొని చాప పఱచితిమి. మిగిలిన గజమును గుండుసూదులతో నిలిపితిమి.

తెల్లవారినపిమ్మట లెక్క కట్టితిమి. ఆ రెండు రాత్రులకే గాక, ఏడాదిగా "కొంచెము చూడమ్మా" యని మేము పంపిన రవికెల కాజాలకు గూడ కట్టవలసివచ్చెను. మొత్తము చూచి మాకే సిగ్గువేసెను. పిల్ల చేతులు వెనుకకు దాచుకొనెను. "ఇచ్చినది పుచ్చుకొనవే, కన్నులు నీవి గావా!" అని వాకిట నిలిచిన తల్లి కసరినది. ఆమె ఆ మాట మాకు వినవలెననియే యనినది.

నాటకమున మా అమ్మాయి మూడవరంగమున కంటతడి పెట్టగా అందఱును మెచ్చుకొనిరి. గుండుసూది మడమకు గ్రుచ్చుకొన్నదని యింటికి వచ్చి చెప్పెను.

పిమ్మట పొరుగింటి పిల్ల ఆ గౌను కాగితపు నమూనాలను అడిగి తీసికొనిపోయి, వేఱొక కళాశాలవారికి రెండు గౌనులు కుట్టియిచ్చినది. ఈసారి ధర ఆమెయే చెప్పినది.