తరిమెన పట్టిన పెన్ను

బ్యాంకు ఆఫీసరు చేత్తో పెన్నులు తయారుచేస్తాడంటే నవ్వు రావడం సహజమే. పెన్నుకు దారం కట్టి కౌంటరుకు బిగించిన జాతి మాది. ఎవరైనా "సార్, ఒక్క నిమిషం పెన్ను" అని చెయ్యి చాస్తే మూత మన దగ్గరే ఉంచుకుని పెన్ను మాత్రం ఇచ్చే విద్యను ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనూ బాగానే అభ్యసించాను. అలాంటివాణ్ణి యాభై దాటాక చిన్న లేత్ ఒకటి కొని, మేడమీద వాన పడని మూలలో పెట్టుకుని, పెన్నులు చేసి ఊరికే పంచుతున్నాను.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. బెంగళూరులో డాక్టర్లు, సాఫ్ట్‌వేరువాళ్ళు, రిటైరైన ఇంజనీర్లు ఈ పనిలో పడ్డవాళ్ళు నాకు తెలుసు. ఎందుకండీ అంటే మనశ్శాంతి అంటారు. నాకా మాట మీద నమ్మకం తక్కువ. మనశ్శాంతికి పడకకుర్చీ చాలు. నిమిషానికి రెండువేలసార్లు తిరిగే చెక్క ముందు ఉలి పట్టుకుని, కళ్ళద్దాల మీద పొట్టు రాలుతుండగా నిలబడనక్కరలేదు.

పని చూడటానికి చిన్నదే. జానెడుకు తక్కువ చెక్కముక్కను రెండుగా కోసి, నిడివిగా ఏడు మిల్లీమీటర్ల బెజ్జం వేసి, అందులో ఇత్తడి గొట్టం జిగురుతో అతికిస్తారు. ఆరిన తర్వాత సన్నటి ఇనుపకడ్డీకి గుచ్చి లేత్‌కు బిగించి, పలకలుగా ఉన్నదాన్ని ఉలితో గుండ్రంగా దించుతారు. గరుకు నుంచి నునుపుదాకా నాలుగైదు రకాల ఉప్పుకాగితం పడుతుంది. తర్వాత లక్క కలిసిన పాలిషు గుడ్డకు అద్ది, తిరుగుతున్న చెక్కకు ఆనిస్తే ఆ రాపిడి వేడికే మెరుపు వస్తుంది. చివర మొన, క్లిప్పు, రీఫిల్లు నొక్కి బిగించడమే. సాయంత్రం కూర్చుంటే రాత్రి భోజనానికి ముందు పెన్ను చేతికి వస్తుంది.

నన్ను పట్టుకున్నది ఈ ముగింపే అనుకుంటాను. 1993లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు లెడ్జర్లు చేత్తో రాసేవాళ్ళం. సాయంత్రం బ్యాలెన్సు కుదిరితే ఆ రోజు పని అయిపోయినట్టే. ఇప్పుడు ఏ ఫైలూ ముగియదు. పైగా మా పనిలో ఏది తప్పినా ఎదురు ఎంట్రీ వేసి సర్దవచ్చు. లేత్ మీద తీసేసిన చెక్కకు ఎదురు ఎంట్రీ లేదు. వెంట్రుకవాసి ఎక్కువ దిగితే అది సన్నపెన్నే. బీకాం చదివినవాడికి ఇది భయమూ, కొంత ఊరటా.

కొన్నాళ్ళు చన్నపట్నలో పనిచేశాను. మనవాళ్ళు మద్రాసును పిలిచే చెన్నపట్నం కాదు, బెంగళూరు-మైసూరు దారిలో లక్కబొమ్మలు చేసే ఊరు. అక్కడ రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న కొయ్యకు అదిమితే అది కరిగి పట్టుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్ది మెరిపిస్తారు. ఆ కొయ్యను కన్నడంలో హాలె అంటారు. తమిళంలో వెప్పాలై. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకవాళ్ళు బొమ్మలకు వాడే అంకుడు కర్ర కూడా ఇదే. అక్కడ సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు ఈ కొయ్యపనివాళ్ళ చేతిలోవే. పెన్నుల విషయానికొస్తే, రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నంగారు స్వదేశీ రోజుల్లోనే లేత్ మీద పెన్నులు చేశారు. ఆయన పంపిన పెన్ను అందుకుని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారు.

2023లో పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. పద్దెనిమిది వృత్తులకు వర్తిస్తుంది, బొమ్మల తయారీ అందులో ఒకటి. 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష, అది సరిగా కడితే రెండో విడత రెండు లక్షల దాకా అప్పు. ఆ కాగితాల పనిమీద ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన నా జేబులోని పెన్ను తీసుకుని, వేలితో అతుకు తడిమి, "ఎంతసేపు పట్టింది సార్?" అన్నాడు.

"రెండున్నర గంటలు."

"ఆ వేళకు నేను బొమ్మబండి చక్రాలు వంద దించాలి. లేకపోతే గిట్టదు." కొడుకు పని నేర్చుకున్నాడా అని అడిగాను. బిడది ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్తున్నాడట. "మీరు సరదాకు పట్టుకున్నారు, మావాడు జీతానికి వదిలేశాడు" అని నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను పెన్ను అమ్మను. రెండువందలకు అమ్మితే నా రెండున్నర గంటల కూలీ లెక్కలో లేనట్టు, ఆ పనిమీద బతికేవాడి నోటిదగ్గర కూడు లాగినట్టు. రెండువేలకు అమ్మితే ఆ ధర చెక్కకు కాదు, నా హోదాకు. కాస్టింగు చదివినవాడికి రెండూ ఒప్పవు. ఇవ్వడమే సరైన లెక్క.

ఇచ్చేది కూడా నా సొంతవాళ్ళకే. హోసూరు దగ్గర మా పాత ఇల్లు 2019లో అమ్మేశాము. పంపకాల్లో ఎవరికీ అక్కరలేక మిగిలింది తాత పడుకున్న మంచం. నాలుగూ తరిమెన పట్టిన కోళ్ళు. లేత్ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడగా వినలేదు. మా తాతకు అది తరిమెనే. నల్లబడిన ఒక కోడును కోసి చూస్తే లోపల ఊదారంగు చార, పచ్చిగా ఉన్నట్టే వాసన. గొప్ప కలప. దాన్ని మళ్ళీ తరిమెన ఎక్కించి, అన్నల పిల్లలకూ అక్క పిల్లలకూ తలా ఒక పెన్ను చేశాను.

పెద్దన్న కూతురికి ఇరవై దాటింది. ఇంట్లో గలగలా తెలుగే మాట్లాడుతుంది, రాయడం రాదు. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ అది 2016 నాటికి పదో తరగతికి చేరింది. ఆ మెట్లన్నీ ఈ పిల్ల కళ్ళముందు కట్టినవే. తమిళం నేర్చినందుకు నాకు బాధ లేదు, అక్కడ బతికేవాళ్ళకు అది కావాలి. మన అక్షరాలు ఇంట్లోనైనా మనం నేర్పలేదా అంటే, ఆ పద్దు మన ఇళ్ళదే.

పెన్ను చేతికిస్తే మూత తిప్పి, "దీంతో ఏం రాయాలి చిన్నాయనా?" అంది. జేబులో ఉన్న పే-ఇన్ స్లిప్పు వెనక ఆమె పేరు తెలుగులో రాసి చూపించాను. 'ల' సులువుగానే వచ్చింది. 'క్ష్మి' దగ్గర ఆగిపోయింది. "అబ్బా, దీనికింద ఇన్ని ముడులా! ఈ వత్తు ఎటు తిప్పాలి?" అని నా వేలు పట్టుకుని గీత వెంట తిప్పించుకుంది. స్లిప్పు వెనక చోటు అయిపోయేదాకా రాసింది. ఇంకొకటి ఇచ్చాను.