ఆకుపచ్చ త్రికోణం చెప్పని సంగతి

కృష్ణా డెల్టాలో ఏ పురుగుమందుల కొట్టుకెళ్ళినా డబ్బా మీద, మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి కనిపిస్తుంది. దాని కింది త్రికోణానికి ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో రంగు వేసి ఉంటుంది. ఎరుపంటే రైతు కాస్త జంకుతాడు. ఆకుపచ్చ అయితే నిశ్చింతగా సంచిలో వేసుకుంటాడు. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనల ప్రకారం వేసే ఈ రంగుకు ఆధారం ప్రధానంగా ఎలుకల మీద చేసిన పరీక్ష. నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం ఎలుకలు చనిపోవడానికి శరీర బరువులో కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల మందు కావాలన్నది ఆ లెక్క. 50 లోపైతే ఎరుపు, 5000 దాటితే ఆకుపచ్చ. మందు కొట్టే మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. నీళ్ళలో బతికే జీవి గురించి మాత్రం ఆ రంగు ఏమీ చెప్పదు. కొన్ని మందుల డబ్బాల్లో పెట్టే కాగితంలో చేపలకు హానికరమని సన్నక్షరాల్లో రాస్తారు. దాన్ని విప్పి చదివిన రైతు నాకు అరుదుగా తారసపడ్డాడు.

విజయవాడలో జంతుశాస్త్రం పాఠం చెబుతూ, నీటి జీవుల మీద మందుల ప్రభావాన్ని పరీక్షించడమే వృత్తిగా బతికాను. పరీక్ష చూడటానికి తేలికే. గాజు తొట్టెలు వరసగా పెట్టి, క్లోరిన్ విరిగిన నీళ్ళు పోసి, చేపపిల్లల్ని ఆ నీటికి అలవాటు పడనిస్తాం. తరవాత ఒక్కో తొట్టెలో ఒక్కో మోతాదు మందు కలుపుతాం. ఒక తొట్టెలో మాత్రం ఏమీ కలపం. 96 గంటల్లో సగం చేపలు ఏ మోతాదు దగ్గర చనిపోయాయో లెక్కగడతాం. మందు కలపని తొట్టెలోనే చేపలు పదో వంతుకు మించి చస్తే ఆ పరీక్షంతా చెల్లదు. ప్రపంచమంతటా ఇదే పద్ధతి. ఈ లెక్క అవసరమే, దాన్ని నేనెప్పుడూ తీసిపారెయ్యను. కానీ చేప చావలేదు కాబట్టి నీళ్ళు బాగున్నాయని తేల్చేస్తే ఎంత నష్టం జరుగుతుందో కొల్లేటి చెరువుల గట్ల మీద తిరిగాక అర్థమైంది.

వరిలో కాండం తొలిచే పురుగుకు వేసే గుళికల్లో, ఆకుముడతకు కొట్టే మందుల్లో క్లోరాంట్రానిలిప్రోల్ ఉంటుంది. దానిది ఆకుపచ్చ త్రికోణమే. మనిషికి, పశువుకు, చాలావరకు చేపకు కూడా దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. నీటి ఈగ అని మనం పిలిచే డాఫ్నియా సంగతి వేరు. లీటరు నీటికి పది పన్నెండు మైక్రోగ్రాములు చేరితే చాలు, రెండు రోజుల్లో వాటిలో సగం కదలడం మానేస్తాయి. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. ఇమిడాక్లోప్రిడ్ కూడా అలాంటిదే. చేపను చంపాలంటే చాలా పొయ్యాలి. నీళ్ళలో పిల్లదశ గడిపే రెక్కల పురుగులకు మాత్రం చిటికెడు చాలు. యూరప్ సమాఖ్య 2018లో దాన్ని ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపేసింది. ఆ నిర్ణయం ముఖ్యంగా తేనెటీగల కోసం. నీటి పురుగులకూ అది మేలే చేసింది.

ఈ చిన్నవాటి కోసం ఎందుకింత ఆరాటమని నన్ను చాలామంది అడిగారు. కైకలూరు వైపు ఒక పెద్దాయన చెరువే దానికి జవాబు చెప్పింది. ఆయన చెరువులో చేపలకు పేను పట్టింది. పేనంటే ఆర్గులస్, బిళ్ళలా పల్చగా ఉండి పొలుసుల మీద అతుక్కుని రక్తం పీలుస్తుంది. కొట్టువాడు ఇచ్చిన సైపర్‌మెత్రిన్ పోస్తే పేను పోయింది. కొన్నాళ్ళకు ఆయనే నన్ను పిలిపించి అడిగాడు. “మేష్టారూ, శీలావతి బాగానే ఉందండీ, బొచ్చె మాత్రం బరువెక్కట్లేదు. మేత సంచులు ఎప్పట్లాగే కడుతున్నాం. నీళ్ళేమో చిక్కటి పచ్చగా తిరిగాయి. తెల్లారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మందు పనిచేసినట్టా, చెయ్యనట్టా అండీ?”

మందు పనిచేసింది, కావలసిన దానికన్నా ఎక్కువే చేసింది. పేను పురుగు జాతి కాదు. రొయ్య, పీతల కుటుంబంలోది. చెరువు నీళ్ళలో చుక్కల్లా ఎగిరే డాఫ్నియా, మోయినా, సైక్లోప్స్ కూడా ఆ కుటుంబంవే. పేనును చంపే మందుకు వీటిని వదిలిపెట్టడం తెలియదు. బొచ్చెకు ఇష్టమైన తిండి ఈ జంతు ప్లవకాలే. కోళ్ళ ఎరువు వేసి రైతు పెంచుకునే ప్లాంక్టన్‌లో విలువైన భాగం అదే. అది పోతే ముందు బొచ్చె ఆకలిగొంటుంది. నీటి నాచును మేసి అదుపులో ఉంచేవీ అవే కాబట్టి, అవి లేనిచోట నాచు విపరీతంగా పెరిగి నీళ్ళు పచ్చబడతాయి. పగలు ఎండలో ప్రాణవాయువు ఇచ్చిన ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చేసుకుంటుంది. వేకువకు నీళ్ళలో గాలి అడుగంటుతుంది. పెద్దాయన చూసింది అదే. ఒక్క చేప కూడా మందు వల్ల నేరుగా చావలేదు. నా తొట్టెల లెక్కకు అందకుండానే చెరువు దెబ్బతింది.

ఆ నీళ్ళు అక్కడితో ఆగితే ఒక రైతు నష్టంగానే ఉండేది. చేపల్ని పట్టాక చెరువు నీళ్ళు మురుగు కాలువలోకి వదులుతారు. గుడివాడ వైపు వరిపొలాల మురుగును తెచ్చే చంద్రయ్య డ్రెయిన్, విజయవాడ సింగ్‌నగర్ పక్కగా నగరపు మురుగునూ మోసుకొచ్చే బుడమేరు, అన్నీ కొల్లేరు చేరతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు అది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006 నాటికి అక్రమ చెరువుల గట్లు కొట్టేసినా, చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఆటపాక దగ్గర గూడబాతులు తినే చేప ఈ నీళ్ళదే. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేసే ముందు ఊళ్ళవాళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకునేది కూడా కాలువల నుంచే. అందుకే గట్టు మీద కూర్చుని మందు డబ్బాలు, పంపులు కాలువలో కడిగేవాళ్ళను చూస్తే నాకు కోపం ఆగదు. పక్కూరి బిందెలో ఏం పడుతుందో వాళ్ళకు తెలియక కాదు.

చనిపోని చేపలో ఏం జరుగుతోందో చూడటానికి మాకొక మార్గం ఉంది. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫరస్ మందులు నరాల దగ్గర పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టేస్తాయి. చేప మెదడును మంచు మీదే నూరి, ఎల్‌మన్ 1961లో రూపొందించిన పద్ధతిలో ద్రావణాలు కలిపితే ఎంజైము బతికున్న కొద్దీ పసుపు రంగు చిక్కబడుతుంది. మందు తగలని చేప గొట్టం ముదురు పసుపైతే, చచ్చే మోతాదుకు చాలా తక్కువలో ఉంచిన చేప గొట్టం పాలిపోయి ఉంటుంది. అలాంటి చేప పైకి మామూలుగానే కనిపిస్తుంది. కాస్త మందకొడిగా ఈదుతుంది, మేతకు ఆలస్యంగా వస్తుంది. తొట్టెలో దానివల్ల నష్టం లేదు. కొల్లేట్లో కొరమేను ఎదుట పడితే మాత్రం ఆ కాస్త మందకొడితనమే దాని ప్రాణం తీస్తుంది. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట చూపించేది ఈ రెండు గొట్టాలనే.

ఇప్పుడు నానో రేణువులు వచ్చాయి. ఇఫ్కో 2021లో నానో యూరియా తెచ్చాక ఈ మాట ప్రతి రైతుకూ తెలిసింది. నత్రజని ఎరువును, క్రిములను చంపే వెండి, జింక్ ఆక్సైడ్, రాగి రేణువులను ఒకే గాటన కట్టకూడదు. వెండి రేణువులు దుస్తుల నుంచి, టైటానియం రేణువులు ముఖానికి రాసే క్రీముల నుంచి నగరాల మురుగులో కలుస్తాయి. జింకు, రాగి రేణువులు పొలానికి కూడా వస్తున్నాయి. రేణువు చిన్నదవడం వల్ల ఏం మారుతుందో తరగతిలో ఒక లెక్కతో చెబుతాను. సెంటీమీటరు ఘనం ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్నే పది నానోమీటర్ల ఘనాలుగా చిదిమితే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది, మన లెక్కలో దాదాపు పదిహేను సెంట్ల స్థలం. నీళ్ళతో, మొప్పలతో, తోడు వచ్చిన పురుగుమందుతో తగిలేది ఆ ఉపరితలమే. మందును తన మీద అంటించుకున్న రేణువు కొన్నిసార్లు దాన్ని జీవి లోపలికి మోసుకెళుతుంది. కొన్నిసార్లు దానితోపాటే అడుగుకు దిగి పై నీటిలో విషాన్ని తగ్గిస్తుంది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం, ఆ నీళ్ళలోనే చూడాలి.

కొలవడం దగ్గరే అసలు చిక్కు వస్తుంది. నీటిలో లోహాలు చూసేటప్పుడు 0.45 మైక్రాన్ల పొర గుండా వడకట్టి, దిగినదంతా కరిగినదిగా రాయడం వాడుక. అంటే 450 నానోమీటర్ల కన్నం. నానో రేణువు నూరు నానోమీటర్లకు మించదు, హాయిగా దిగిపోతుంది. రిపోర్టులో కరిగిన జింకు అని ఉంటుంది, రేణువు ఊసే ఉండదు. పురుగుమందులకు ఇబ్బంది మరో రకం. సైపర్‌మెత్రిన్ నీళ్ళలో నిలవదు, బురదకు అంటుకుంటుంది. మందు కొట్టిన వారం తరవాత సీసాలో నీళ్ళు పట్టి పంపితే ఏమీ లేదనే వస్తుంది. అడుగు బురద తియ్యాలి. ఎర్రమోసు, ఇంగిలీకం, నత్త, ఆల్చిప్ప బతికేది అక్కడే. రేణువులు ముద్దకట్టి దిగేదీ అక్కడికే.

నా పట్టుదలంతా ఒక్కటే. పరీక్ష మన నీళ్ళలో జరగాలి. డాఫ్నియా మీద చేసే ప్రామాణిక పరీక్ష 18 నుంచి 22 డిగ్రీల నీళ్ళలో జరుగుతుంది. ఏప్రిల్‌లో మన చెరువు నీరు ముప్ఫై దాటుతుంది. లాబ్ నీళ్ళు తేటగా ఉంటాయి, బందరు కాలువ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది. ఉప్పుటేరు దగ్గర ఉప్పు కలుస్తుంది. ఒండ్రూ, కుళ్ళిన ఆకుల రసమూ వెండి విషాన్ని తగ్గిస్తాయి. ఉప్పులోని క్లోరైడు దాన్ని పట్టేస్తుంది. వేడి, ప్రాణవాయువు కొరత చాలా మందుల విషాన్ని పెంచుతాయి. చెరువులో ఉదయం ఒక పీహెచ్, మధ్యాహ్నం మరొకటి. జింక్ ఆక్సైడ్ ఎంత కరుగుతుందో దాన్నిబట్టే మారుతుంది. ఎక్కడో చల్లని తేట నీళ్ళలో తేల్చిన అంకె మన మురుగు కాలువకు ఎక్కువో తక్కువో అవుతుంది, సరిపోవడం మాత్రం అరుదు. వ్యవసాయంలో వాడే నానో ఉత్పత్తుల మదింపుకు కేంద్రం 2020లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటి కింద ఇచ్చే అనుమతుల్లో మన వేడి నీళ్ళు, మన ప్లవకాలు, ఒకే మడిలో వరసగా పడే నాలుగైదు మందుల కలగలుపు కూడా లెక్కలోకి రావాలి.

రైతుకు నేను చెప్పేవి కొన్నే. మందు కొట్టిన మడి గండి వెంటనే తియ్యొద్దు, నీళ్ళు కొన్నాళ్ళు మడిలోనే ఆగనివ్వండి. పేను మందు మొత్తం చెరువుకు పొయ్యబోయే ముందు ప్లాంక్టన్ వల వేసి నీళ్ళలో ఏముందో చూడండి. కైకలూరు పెద్దాయన ఇప్పుడు మందు పోసే ముందు, పోశాక వల వేసి, సీసాలో పట్టి నాకు ఫోనులో ఫొటో పంపుతున్నాడు. ఆ చెరువు మోయినానే ఇప్పుడు మా పిల్లలు తొట్టెల్లో పెంచుతున్నారు. దాళ్వా నాట్లయ్యేలోగా ముప్ఫై డిగ్రీల దగ్గర, రైవస్ కాలువ నీళ్ళలో, క్లోరాంట్రానిలిప్రోల్‌నూ జింక్ ఆక్సైడ్ రేణువులనూ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి వాటి మీద పరీక్షించాలి. తొట్టెల అడుగున ఈసారి కాలువ బురద కూడా పరుస్తున్నాం.