గట్టు తగాదా - భద్రతా మండలి

"ప్రపంచశాంతి - ఐక్యరాజ్య సమితి పాత్ర" అని వక్తృత్వపు పోటీకి అంశమిచ్చారు. బి.యస్సీ. చదివేవాడికి ఇదెక్కడి గోల అనుకుంటూనే పేరిచ్చి, ఉగాది సెలవులకు నందిగామ దగ్గర మా ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వల్లె వేస్తున్నాను: 1945 అక్టోబరు 24న స్థాపన, ఐదు శాశ్వత సభ్యదేశాలు, వీటో హక్కు...

మిరపకాయలకు తొడిమలు తీస్తున్న నాయనమ్మ, "ఆ సమితోళ్ళు మన వైపు ఎప్పుడన్నా వచ్చారంట్రా?" అంది.

1948లో ఆవిడ ఎనిమిదేళ్ళ పిల్ల. పుట్టిల్లు కోదాడ వైపు, నిజాం ఇలాకా. రజాకార్లొస్తున్నారని విని రాత్రికి రాత్రి కాలినడకన జగ్గయ్యపేట చేరారట. పొలిమేర దాటగానే వాళ్ళమ్మ కూలబడి ఏడ్చింది. దొడ్లో కట్టేసిన గేదెను విప్పి రాలేదని!

కాలేజీకొచ్చి లైబ్రరీలో వెతికాను. ఆ ఏడు ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న మన సైన్యం కదిలింది. ఒక దళం బెజవాడ రోడ్డునే వెళ్ళింది. 16న పారిస్‌లో మండలి ఫిర్యాదు చేపట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. తరువాత ఫిర్యాదునూ ఉపసంహరించుకున్నాడు.

రజాకార్లకు జడిసి పారిపోయిన పిల్లకు ఆ సభలో కుర్చీ లేదు. సైన్యం వచ్చాక సంస్థానంలో వేలాది ముస్లింలు హతులైనారని సుందర్‌లాల్ కమిటీ తేల్చింది. వాళ్ళకూ కుర్చీ లేదు.

ఐతే సమితి దండగేనా? అలా అనలేను. మా నాన్నకీ బాబాయికీ గట్టు దగ్గర తగాదా. రెండేళ్ళుగా మాటల్లేవు. పెద్దమనుషులు మూడు రోజులు కూర్చున్నారు. వారిలో ఒకాయన బాబాయి పొలం కౌలుకు చేస్తాడు, ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అదే మా ఊరి వీటో! తీర్పు కాలేదు. కాని ఆ మూడు రోజులూ ఎవరూ కర్ర ఎత్తలేదు. నాలుగోనాడు ఎత్తారు. మా నాన్న చెయ్యి విరిగింది.

సభ తీర్పు చెప్పలేకపోవచ్చు. సభే లేకపోతే మిగిలేది కర్రే.

పోటీలో ఇదే చెప్పాను. బహుమతి రాలేదు. దసరాకు ఇంటికెళ్ళినప్పుడు, నాన్నకు చెప్పకుండా బాబాయి గడప తొక్కి, "పిన్నీ, మంచినీళ్ళివ్వు" అన్నాను.

ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది. తరువాత లోపలికెళ్ళి చెంబుతో తెచ్చింది.