గోల్కొండ పక్కన చిల్లుల పచ్చిక

గోల్కొండ అంటే చప్పట్లు, మెట్లు, సెల్ఫీలే అనుకుంటాం కదా! కోటని ఆనుకునే నయా ఖిల్లా ఉంది. శతాబ్దాల నాటి బావోబాబ్ చెట్టూ, గోల్ఫ్ కోర్సూ అక్కడివే.

మే నెలలో ఓ పొద్దున వెళ్లా. బంతి పడే గుంత చుట్టూ నున్నగా ఉండే పచ్చికని 'గ్రీన్' అంటారు. దాని నిండా చిల్లులే!

"ఖరాబ్ చేస్తలేం తమ్మీ, గడ్డికి ఊపిరి పోస్తున్నం" అని నవ్వాడు అక్కడ పనిచేసే పెద్దాయన.

రోజూ తొక్కీ తొక్కీ మట్టి బిగుసుకుపోతుంది. వేళ్లకి గాలి అందదు. అలాగే వదిలేస్తే వానల్లో నీళ్లు నిలిచి గడ్డి కుళ్లుతుంది.

దీనికి రెండు దారులు. బోలు సూదుల మెషిన్ మట్టిని చిన్న ముక్కలుగా బయటికి లాగేస్తుంది. చిల్లుల్లో ఇసుక నింపుతారు. పని గట్టిగా జరుగుతుంది కానీ, పూడటానికి రెండు వారాలైనా పడుతుంది. గట్టి సూదులైతే ఊరికే పొడుస్తాయి. ఆట త్వరగా మొదలెట్టొచ్చు. కానీ కింద పేరుకున్న ఎండు గడ్డి పొర అలాగే ఉంటుంది.

మరి ఏది వాడాలి? పెద్దాయన ఓ మట్టి ముక్క తీసి చూపించాడు. "పొర మందంగుంటే బోలు సూది. మన్ను బిగుసుకుంటే గట్టిదే చాలు. ముందు నేలను చూడాలె, తర్వాతనే మెషిన్."

ఎండల్లోనే ఎందుకంటే, బెర్ముడా గడ్డి వేడికి జోరుగా పెరిగి చిల్లుల్ని కప్పేస్తుంది. చలికాలంలో అంత తొందరగా కోలుకోదు.

"బంతి ఎగురుతుందని ఆడేటోళ్లు తిడతరు. పడతం. వానలల్ల గడ్డి బతకాలె గదా!"