పాయలు చేసే చెయ్యి

పెళ్లికూతురికి జడ వేయడానికి కూర్చున్నప్పుడు నేను ముందు చూసుకునేది జుట్టు పొడుగు కాదు, పాయలు. చిక్కు తీసి, నూనె రాసి, నున్నగా దువ్వి మూడు పాయలు చేస్తాను. మూడూ ఒకే లావున రావాలి. ఒకటి పలచబడిందా, జడ మెలి తిరుగుతుంది. దాని మీద కట్టిన పూలజడ ముహూర్తం వేళకి భుజం మీదికి ఒరిగిపోతుంది. జుట్టు చాలనివాళ్లకి సవరం పెడతాం. దాన్ని కూడా మూడుగా పంచి ఒక్కో పాయలో కొంత కలుపుతాను. అలా కలిస్తేనే సవరం పట్టు చిక్కుతుంది.

మాది గోదావరి ఒడ్డు. ఇక్కడ పాయ అనగానే ఎవరికైనా జుట్టుకంటే ముందు నది గుర్తొస్తుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలవుతుంది. ఇంకా కిందికి పోయాక వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. పాయు అంటేనే విడిపోవడం. ఎడబాయడంలో ఉన్నది కూడా ఆ మాటే. సంస్కృతంలో జడని వేణి అన్నారు. నదులు కలిసేచోటుకీ ఆ మాటే వాడారు. ప్రయాగలో గంగ, యమున, కంటికి కనపడని సరస్వతి కలిసేది త్రివేణి. వేణి అన్నవాళ్లు కలిసేచోటు నుంచి చూశారు, పాయ అన్న మనవాళ్లు విడిపోయేచోటు నుంచి చూశారు. జడ వేసే చేతికి మన మాటే దగ్గర. ముందు సరిగ్గా విడదీస్తేనే కదా, తర్వాత అల్లేది!

జడ అన్నది మాత్రం సంస్కృతం జట నుంచి వచ్చింది. జట అంటే మునుల తల మీద అట్టలు కట్టిన జుట్టు. చెట్ల ఊడలకీ ఆ పేరుంది. దువ్వెన ఎరగని జుట్టు పేరు మన దగ్గరికొచ్చి, రోజూ దువ్వి అల్లుకునే జుట్టుకి పేరైంది. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం.

ఒక పెళ్లిలో ముహూర్తానికి ఇంకా టైముంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, ఘనాపాఠి, నా చేతులకేసి చూసి, "మేమూ జడలే వేస్తాం తల్లీ, మాటలతో" అన్నారు. వేదం చెప్పే పద్ధతుల్లో జటాపాఠం అని ఒకటుందట. మొదటి మాట, రెండో మాట. వెంటనే రెండోది, మొదటిది. మళ్లీ మొదటిది, రెండోది. ఆ తర్వాత రెండు, మూడు, మూడు, రెండు, రెండు, మూడు. ఇలా ముందుకీ వెనక్కీ అల్లుకుంటూ పోతే ఒక్క మాట జారినా చెవికి దొరికిపోతుంది. తాటాకు మీద గంటం పడకముందే అంత వాఙ్మయం ఇలా నోటిలో నిలిచిందంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆయన వేళ్ల మీద లెక్క వేసి చూపిస్తుంటే నా వేళ్లు వాటంతటవే కదిలాయి. కుడి పాయ మధ్యకి, ఎడమ పాయ మధ్యకి.

పూలజడ పని వేరే. కడియపులంక బజారు నుంచి తెల్లవారకముందే మొగ్గలు తెప్పించుకుంటాం. మల్లెమొగ్గ విచ్చకముందే కుట్టాలి. అరటి పట్టని జడ వెడల్పున కోసి, దాని మీద సూదీ దారంతో మొగ్గ పక్కన మొగ్గ, తలలన్నీ ఒకే వైపుకి పెట్టి కుట్టుకుంటూ పోతాం. మధ్యమధ్య కనకాంబరం, చివర జడకుచ్చులు. చీర కుచ్చిళ్లు పెట్టడం కూడా మా పనే. అయితే చీర మడతని ఇస్త్రీ పట్టి నిలబెడుతుంది, జడకి ఆ సాయం లేదు.

ఇప్పుడు చాలామంది రెడీమేడ్ పూలజడ తెచ్చుకుని, లోపల జుట్టుకి రబ్బరుబ్యాండ్ వేసి పైన కట్టమంటారు. నేను కట్టను. "టైం లేదు ఆంటీ" అన్నా సరే, మూడు పాయల జడ గట్టిగా వేశాకే దాని మీద కడతాను. జీలకర్ర బెల్లం పెట్టించుకోవడానికి పిల్ల తల వంచినప్పుడు ఆ పూల బరువంతా పడేది లోపలి జడ మీదే.