వెంట వచ్చే బొట్టు

పుంగనూరు సంతలో చిన్ననాడు పొడిపించుకున్న మూడు చుక్కలను ఈమధ్య మదనపల్లెలో తులసికోటగా పెంచుకున్నాను. కుప్పంలో మా అవ్వ ముంజేతిమీద ఉండిన కోట అది, ఆమెతోనే చితికెక్కింది.

ఆనాడు సూదులూ, దీపపు మసీ, ఆకుపసరూ. పొడిచిన ఎరుకలామె నొప్పి మరపించడానికి పాట పాడింది. కొరవలనే పేరుతో వారి పచ్చబొట్ల పనిని థర్‌స్టన్ 1909లోనే గ్రంథస్థం చేశాడు. ఈనాటి యంత్రం ఝుమ్మంటుందే తప్ప పాడదు. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి పళ్లు బిగించి, ఆ పాటనే లోలోపల పాడుకున్నాను.

నొప్పికీ, చెరగకపోవడానికీ కారణమొక్కటే: సూది, రాలిపోయే పైపొరను దాటి, నరాల కొసలుండే లోచర్మాన్ని చేరుతుంది. పోయేనాడు వెంట వచ్చేది పచ్చబొట్టేనని అవ్వ అనేది. ఉన్నన్నాళ్లూ అవ్వ నా వెంట ఉండడానికి ఆమాత్రం నొప్పి న్యాయమే అనిపించింది.