వెలి

చిన్న మాట యొకటి మొన్న నన్ను పెద్ద చిక్కులో పెట్టినది. మా మనుమరాలు పాఠము చదువుకొనుచు, "అమ్మమ్మా, వెలివాడ అంటే ఏమిటి?" అని యడిగినది.

తెలుగు చదువుకొన్నదానను గదా యని కొంత గర్వముతోనే చెప్పనారంభించితిని. వెలి యనగా వెలుపల. వేరొక మాటకు ముందు చేరినప్పుడు విశేషణమై, వెలుపలిది, పొలిమేర నున్నది అను నర్థము నిచ్చును. తమిళులును వెలుపలిని 'వెళి' యనియే యందురు. మన 'వెలువడుట'యు నిందుండియే పుట్టినది. పత్రిక వెలువడినదన్నచో సంతోషింతుము. మనుష్యుని వెలివేసిరన్నచో గుండె ఝల్లుమనును. మాట యొక్కటే! వెలిగొడుగు, వెలిదామర యనుచోట్ల మాత్రము వెలి యనగా తెలుపు. అది వేరు మాట, దీనితో కలుపరాదని హెచ్చరించితిని.

పిల్ల యంతయు విని, "ఎవరికి వెలుపల, అమ్మమ్మా?" అన్నది.

"ఊరికి, తల్లీ."

"మరి ఆ వాడలో వాళ్లకు మన వీధే కదా వెలుపల?"

నిఘంటువులో దీనికి సమాధానము లేదు. పేరు పెట్టినవారు తమ యిల్లే నడుమ నున్నదని తలచి పెట్టిరన్న సంగతి యీ వయస్సు వచ్చువరకు నాకు తట్టనే లేదు. మాట మార్చుటకై రాజ్యాంగములోని 17వ అధికరణమును గూర్చి చెప్పితిని. 1950 జనవరి 26 నుండి అంటరానితనము రద్దయినదనియు, ఏ రూపమునను దానిని పాటింపరాదనియు వివరించితిని.

"అయితే ఆ గ్లాసు?" అని పెరటిగోడ వైపు వ్రేలు చూపినది.

అది మా పనిమనిషికి తేనీరు పోయు స్టీలు గ్లాసు. గోడ గూటిలో వేరుగా బోర్లించి యుండును. మా అత్తగారి నాడు చూరులో దోపిన సత్తుగిన్నె యుండెడిది. దానిని చూచి నొచ్చుకొన్నదానను నేనే. నా పెత్తనములో సత్తు పోయి స్టీలు వచ్చినది గాని, చోటు మారలేదు. శుభ్రత కొరకని చెప్పుకొనుచుంటిని. ఆమె తోమిన గిన్నెలలోనే గదా మేము వండుకొని తినుట!

ఆ సాయంకాలమే గ్లాసు తెచ్చి వంటింటి అలమరలో మా గ్లాసులతో కలిపి పెట్టితిని. మరునాటి యుదయమున చేతికందిన దానిలో తేనీరు పోసి యిచ్చితిని. ఆమె త్రాగక, గూటి వైపు చూచి, "అమ్మగారూ, నా గ్లాసు పోయిందాండీ?" అని యడిగినది.

"లోపల ఉన్నదిలే, తాగు" అంటిని గాని, ఆమె ముఖము చూడలేకపోతిని. ఆమె యెప్పటివలెనే పెరటి మెట్టు మీద కూర్చుండి త్రాగి, గ్లాసు కడిగి గూటిలో బోర్లించి పోయినది.